బ్యాటరీ మార్చినా పొగ అలారం కీచుమంటూనే ఉంటే

మీ ఇంట్లోని పొగ అలారం (పొగను పసిగట్టి మోగే పరికరం) కొత్త బ్యాటరీ వేశాక కూడా నిమిషానికోసారి కీచుమంటోందని రాశారు కనుక, లోపం బ్యాటరీలో కాక అలారం వయసులోనే ఉండవచ్చు. అమెరికాలో పాత ఇల్లు కొన్నవారికి ఇది తరచుగా ఎదురయ్యేదే.

1. అలారాన్ని ఎడమవైపుకు తిప్పి కిందికి దించి, వెనక అంటించిన చీటీ మీద తయారీ తేదీ చూడండి. చాలామంది వదిలేసేది ఈ పనే. పొగ అలారాన్ని తయారైన నాటి నుంచి 10 ఏళ్లకు మార్చాలి. మీరు ఇంట్లో దిగిన తేదీ లెక్కలోకి రాదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును కూడా పసిగట్టే రకమైతే, మోడల్‌ను బట్టి ఆ గడువు 5 నుంచి 10 ఏళ్లు. గడువు దాటినదాన్ని, టెస్ట్ బటన్ నొక్కితే మోగుతున్నా సరే, మార్చేయండి. ఆ బటన్ బ్యాటరీ, హారన్ పనిచేస్తున్నాయని చెబుతుందే గాని, లోపలి సెన్సర్ పొగను గానీ వాయువును గానీ నిజంగా గుర్తిస్తుందని హామీ ఇవ్వదు.

2. గడువు ఇంకా ఉంటే, అలారానికి కరెంటు ఇచ్చే బ్రేకర్ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపి, వైరునూ బ్యాటరీనీ తీసి, బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన విద్యుత్తు పోయాక తిరిగి బిగించండి.

3. వరుసగా 4 బీప్‌లు, కాస్త విరామం, మళ్లీ 4 వినిపిస్తే అది కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు కనుక వెతుకుతూ కూర్చోకుండా, అందరినీ తీసుకుని బయటికి వెళ్లి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

నిద్ర చెడుతోందని అలారాన్ని తీసి సొరుగులో పెట్టానన్నారు. కొత్తది వచ్చేవరకు, కీచుమన్నా సరే, దయచేసి దాన్ని ఈ రాత్రే తిరిగి బిగించండి.