‘హీరో ముఖం’ లేని ప్రేమికుడికి

బాబూ,

ముక్కు పెద్దది, రంగు తక్కువ, ఎత్తూ అంతంతమాత్రమే, ఇలాంటి రూపంతో ప్రేమకథలో ముఖ్య పాత్రకి ఆడిషన్ ఇవ్వొచ్చా అని అడిగావు. నిక్షేపంగా ఇవ్వు. కానీ ‘టాలెంట్ ఉంటే చాలు’ అన్న మాట ఒక్కటే పట్టుకుని వెళ్లకు. రూపం గురించి నీకంటే ఎక్కువగా ఆలోచించేవాళ్లు ఆ గదిలో నలుగురైనా ఉంటారు. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకీ నీ దగ్గర పని రూపంలో జవాబుండాలి.

మొదట నీ ముఖం కెమెరాకి ఎలా కనబడుతుందో తెలుసుకో. సెల్ఫీ చూసుకుని ముక్కు గురించి బెంగపడొద్దు. పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసినదాని కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్క కట్టారు. దానికి కారణం లెన్స్ కాదు, దూరం. కాబట్టి ఆడిషన్ వీడియోకి ఫోన్‌ని స్టాండ్ మీద కంటి ఎత్తులో పెట్టి, ఐదారడుగులు వెనక్కి జరుగు. జూమ్ రెండింతలు చేసి ఛాతీ వరకూ ఫ్రేమ్ పెట్టుకో. ఫోన్‌లో ‘మిర్రర్’ సెట్టింగ్ తీసెయ్. మనం రోజూ అద్దంలో చూసుకునేది తిరగబడ్డ ముఖం. అందుకే రికార్డింగ్‌లో మన మూతి మనకే వంకరగా అనిపిస్తుంది. ఎదుటివాళ్లకి ఆ తేడా తెలియనే తెలియదు.

రంగు సంగతి. నల్లని చర్మం తెర మీద బాగోదన్నది అబద్ధం. చాలాసార్లు చెడేది ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు మోతాదు. తెల్ల చొక్కా వేసుకుని తెల్ల గోడ ముందు నిలబడితే ఫోన్ ఆ తెలుపుని అదుపు చేయబోయి నీ ముఖాన్ని చీకటి చేస్తుంది. ముదురాకుపచ్చో మెరూనో వేసుకో. స్క్రీన్ మీద నీ చెంప దగ్గర వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్. కిటికీ వెలుగు పక్కనుంచి, నలభై ఐదు డిగ్రీల్లో పడనీ. నల్లని ముఖానికి ఆకారం తెచ్చేది చెంప ఎముక మీద, నుదుటి మీద మెరిసే వెలుగే. పౌడర్ దట్టంగా అద్దితే ఆ మెరుపు పోయి ముఖం చదునైపోతుంది. సెట్‌లో మేకప్‌మన్ ఒక షేడ్ తెల్లటి ఫౌండేషన్ తీస్తే మర్యాదగా వద్దను. లైట్ల కింద అది బూడిద రంగుకి తిరుగుతుంది. పైగా చేతులూ మెడా ఒక రంగు, ముఖం ఇంకో రంగు. షేడ్‌ని దవడ అంచున వేసి, మెడతో కలిసిందో లేదో చూడమను.

చర్మం మీద గుంటలుంటే మాత్రం లెక్క మారుతుంది. పక్కనుంచి పడే గట్టి వెలుగు ప్రతి గుంటలోనూ నీడ నింపుతుంది. అలాంటప్పుడు పెద్ద, మెత్తని లైట్‌ని కెమెరాకి దగ్గరగా జరపమని కెమెరామన్‌ని అడుగు. క్లోజప్‌లో కంట్లో మెరిసే చుక్క ఉందా అని కూడా అడుగు. ఐ లైట్ లేని కళ్లు ప్రేమ సీన్‌లో చచ్చినట్టుంటాయి. కొత్త క్రీములూ పీలింగ్‌లూ లుక్ టెస్ట్‌కి (వేషం, మేకప్ కెమెరా ముందు సరిచూసే రోజుకి) వారం ముందు మొదలుపెట్టకు. ఎర్రబడితే దాచడం కష్టం. మొటిమలకి మందు వాడాలంటే చర్మ వైద్యుడి దగ్గరికి కొన్ని నెలల ముందే వెళ్లాలి. ముక్కు ఆపరేషన్ మాటంటావా, ఒక్క పాత్ర కోసం ఎప్పటికీ వెనక్కి రానిదాన్ని తాకకు.

ఎత్తుకి సెట్‌లో సామాను ఉంది. నటులు ఎక్కి నిలబడే చెక్క పెట్టెల్ని యాపిల్ బాక్స్‌లంటారు. నిండుది ఎనిమిది అంగుళాలు, సగానిది నాలుగు, పావుది రెండు, అన్నిటికన్నా పలచనిది ఒకటి. నిలబడి మాట్లాడే క్లోజప్‌కి ఇవి సరిపోతాయి. నడిచొచ్చి ఆగే షాట్‌లో వాడితే బాక్స్ ఎక్కేటప్పుడు భుజం ఎగిరి పట్టిస్తుంది. వైడ్ షాట్లలో కూర్చోబెట్టడమో, మెట్ల మీద నువ్వు ఒక మెట్టు పైన ఉండేలా చూడటమో నయం.

ఇదంతా నిన్ను చెడగొట్టకుండా చూపించడానికి మాత్రమే. నిన్ను ప్రేమికుడిగా నిలబెట్టేది వేరు: ఎదుటి పాత్ర చూపు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’ చూడు. అందులో ప్రేమికుడు హంఫ్రీ బోగార్ట్ అంతకుముందు ఎక్కువగా గ్యాంగ్‌స్టర్ వేషాలకి పేరుపడ్డవాడు. హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ కన్నా ఒక పిసరు పొట్టి కూడా. అతన్ని అందంగా చూపించాలని కెమెరా ఏమంత కష్టపడలేదు. మెత్తని ఫిల్టరూ, కళ్లలో మెరుపులూ అన్నీ ఆమెకే పెట్టారు. ఆ కళ్లు అతన్ని చూసిన తీరు చూసి జనం అతన్ని ప్రేమికుడిగా ఒప్పుకున్నారు.

కాబట్టి కథ వినేటప్పుడే దర్శకుణ్ని ఒకటి అడుగు: నా ఎంట్రీ షాట్ తర్వాత కట్ ఎవరి మీదికి? స్నేహితుడి నవ్వు మీదికైతే నువ్వు ఆ కథలో కామెడీవి. ఆమె ముఖం మీదికి వెళ్లి రెండు మూడు సెకన్లు ఆగితే ప్రేమికుడివి. సజెషన్ షాట్లూ (ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపేవి), కౌంటర్లూ (అదే మాటల్ని రెండోవారి వైపు తిరిగి తీసేవి) ఇద్దరికీ సమానంగా ఉన్నాయో లేదో కూడా చూసుకో. ఆమెకి కౌంటర్ తీసేటప్పుడు నువ్వు క్యారవాన్‌కి వెళ్లిపోకు. కెమెరా పక్కనే నిలబడి నీ డైలాగులు పూర్తి నటనతో చెప్పు. శూన్యాన్ని చూసి ప్రేమ పుట్టించడం ఎవరి వల్లా కాదు. రిహార్సల్‌లో ఇద్దరూ ఎదుటివారిలో తమని ఆకట్టుకునే మూడు చిన్న విషయాలు ఎంచుకోండి. గొంతో, చేతులు కదిపే తీరో, వినేటప్పుడు తల వంచడమో ఏదైనా సరే. వాటిని ఒకరికొకరు చెప్పుకోవద్దు. కెమెరా ముందు కళ్లు వాటంతట అవే వెతుక్కుంటాయి.

నీ వైపు నుంచి జరిగే తప్పులు ఎక్కువగా ఒంటి తీరులోనూ గొంతులోనూ దొరుకుతాయి. వాక్యం చివర గొంతు తగ్గించడం, ఆమె చూడగానే నేల చూడటం, ముద్దు మాట అన్న వెంటనే ఓ వెకిలి నవ్వు నవ్వడం. ఇవన్నీ నీ రూపానికి నువ్వు చెప్పుకునే క్షమాపణలే. నీ వీడియో ఒకసారి సౌండ్‌తో, ఒకసారి సౌండ్ తీసేసి చూసుకో, మూడూ బయటపడతాయి. ఆడిషన్‌కి పెద్ద డైలాగున్న సీన్ వద్దు, వింటూ ఉండాల్సిన సీన్ ఎంచుకో. ఎదుటి డైలాగు చదివేవాళ్లని లెన్స్‌కి ఆనుకుని నిలబెట్టు. దూరంగా నిలబడితే నీ కళ్లు పక్కకెళ్లి, సగం కనుగుడ్డే కనిపిస్తుంది.

స్క్రిప్ట్ చేతికొచ్చాక పెన్సిల్ తీసుకుని నీ రూపం మీద ఉన్న డైలాగులన్నిటి కిందా గీతలు పెట్టు. రూపమే కథ అయితే గీతలు ఎక్కువున్నా తప్పులేదు. 1955లో ‘మార్టీ’ అలాంటి కథే, ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చిపెట్టింది. కానీ కథ వేరే దాని గురించై, గీతలు మాత్రం పేజీకొకటి ఉంటే రచయితకే నీ మీద నమ్మకం లేదని అర్థం. సగం కొట్టేయమని అడుగు. ఆమె నిన్ను ఎందుకు కోరుకుంటుందో చూపించే సీన్ ఒక్కటైనా లేకుండా, జాలితోనో నీ త్యాగం చూసో దగ్గరయ్యే కథైతే నాకు నచ్చదు. డబ్బు అవసరమైతే చెయ్, అదే నీ ముద్ర కాకుండా చూసుకో.

చివరగా పోస్టర్. మొటిమ తుడిచేస్తే గొడవ లేదు. ముక్కు సన్నం చేసి, రంగు రెండు షేడ్లు పెంచితే టికెట్ కొన్నవాడు థియేటర్లో ఇంకో మనిషిని చూస్తాడు. ముఖం ఆకారం, చర్మం రంగు మార్చకూడదని అగ్రిమెంట్‌లోనే ఓ వాక్యం రాయించుకో. ఫస్ట్ లుక్ బయటికొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు