ముందు 5 బోల్టులు, వెనక 6 బోల్టులు: పాత పికప్‌కు స్పేసర్ వేయించాలా, హౌసింగ్ మార్చాలా?

మీరు అడిగింది ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత జీపు మోడల్ మహీంద్రా పికప్‌కు అంతకుముందు ఓనరు వెనక హౌసింగ్ (ఇరుసు లోపల ఉండే ఇనుప గొట్టం) వేరే బండిది వేయించాడు. ముందు చక్రాలకు 5 బోల్టులు, వెనక 6. ఉన్న ఒక్క స్టెప్నీ ముందుకే పనికొస్తుంది. స్పీడు 50 దాటితే వెనక భాగం ఊగుతోంది. మెకానిక్ స్పేసర్ (మధ్యలో పెట్టే ఇనుప దిమ్మ) వేసి నాలుగింటికీ ఒకే డిస్కులు, అంటే టైరు ఎక్కే ఇనుప చక్రాలు, పెడదామంటున్నాడు.

వద్దండి. సరుకు ఎత్తే బండికి అసలే వద్దు. 6 బోల్టుల హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద 5 బోల్టుల డిస్క్ కూర్చోవాలంటే మధ్యలో వచ్చే ఆ దిమ్మకు రెండు వరసల బోల్టులు ఉండాలి. దాంతో చక్రం ఆ దిమ్మ మందం మేర బయటికి జరుగుతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. లేత్ మీద చేయించిన దిమ్మ సరిగ్గా నడిమధ్యన లేకపోతే ఇప్పుడున్న ఊపుడుకు ఇంకో ఊపుడు తోడవుతుంది. హబ్‌కే కొత్త కన్నాలు వేయిస్తే పోలా అనే మాట కూడా వింటారు. పాత కన్నాల పక్కనే కొత్తవి పడితే అక్కడ ఇనుము ఎంత మిగులుతుందో ఒకసారి చూడండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలడానికి నేనూ ఇలాంటి బండే కొన్నాను. నాది మీ దానికన్నా మోసకారి కేసు. ముందూ వెనకా 5 బోల్టులే, డిస్కులన్నీ ఒకటే. నాలుగు వైపులా చూసుకుని మురిసిపోయాను. నెల తిరగకుండా, కాజ టోల్‌గేటు దాటాక, వెనక కుడి చక్రం దగ్గర టక్ టక్‌మని మొదలైంది. దిగి చూస్తే ఐదింటిలో రెండు నట్లు లేవు, మూడోది చేతికే వచ్చేసింది. లోపల మర సన్నటి ఇనుప దారంలా ఊడి వచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద టర్నర్ వెర్నియర్ పెట్టి కొలిచాడు. ముందు చక్రం స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) 12.7 మి.మీ., అంటే పాత జీపుల అర అంగుళం. వెనకది 12 మి.మీ. పాత స్టడ్లు విరిగినప్పుడు ఎవరో దొరికినవి కొట్టించి, వదులు తెలియకుండా వెనక వెల్డింగ్ చుక్క పెట్టారు. అర అంగుళం స్టడ్‌కు అంగుళానికి 20 మరలు, అంటే మరకూ మరకూ మధ్య 1.27 మి.మీ. ఆ 12 మి.మీ. స్టడ్‌కు 1.25. తేడా దాదాపు లేనట్టే కాబట్టి పెద్ద నట్టు దాని మీద సాఫీగా ఎక్కిపోతుంది. స్పానర్‌కు బిగిసినట్టే ఉంటుంది, కానీ పట్టు మర కొసల మీదే. ఆయన నట్టు సగం ఎక్కించి అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఇది నట్టు కాదు బాబూ, వదులు గాజు" అన్నాడు. మీ బండిలో ఆరు బోల్టులున్న చోట కూడా ముందు ఈ పరీక్ష చేయండి. రూపాయి ఖర్చు లేదు.

ఇంకో సంగతి. పాత జీపుల్లో ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉండేది, స్టడ్ కొస మీద ఎల్ అక్షరం కొట్టి ఉంటుంది. తెలియక నేను పైపు తగిలించి విప్పబోయి నిజానికి బిగించాను, స్టడ్ పుటుక్కుమంది.

ఇక కొలత. 6 బోల్టులైతే ఎదురెదురు స్టడ్ల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిస్తే పీసీడీ, అంటే స్టడ్లన్నీ కూర్చున్న వలయం వ్యాసం, వచ్చేస్తుంది. 5 బోల్టులకు ఎదురు స్టడ్ ఉండదు కదా, పక్కపక్క స్టడ్ల నడుమ, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి 1.7తో గుణించండి. 82 మి.మీ. వస్తే 139.7, అంటే జీపు కొలత. మారుతీ జిప్సీదీ అదే పీసీడీ గానీ స్టడ్ 12 మి.మీ., కాబట్టి నట్లు కలపకూడదు. 94 వస్తే 160, స్కార్పియో డిస్క్. చూడ్డానికి అన్నీ ఐదు కన్నాలే.

మీ బండి ఊగడానికి మాత్రం బోల్టుల లెక్కే కారణమని నేననుకోను. వేరే బండి హౌసింగ్ అంటే కమాను పట్టీలు కూర్చునే దిమ్మల మధ్య దూరం కలవదు. కోసి, జరిపి, వెల్డింగ్ చేసి ఉంటారు. ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకు టేపు పెట్టి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, రెండు వైపులా కొలవండి. నా బండికి 18 మి.మీ. తేడా వచ్చింది, బండి కొంచెం అడ్డంగా నడిచేది. కమాను పట్టీల సెంటర్ బోల్టు విరిగినా ఇదే జరుగుతుంది, అది చిన్న పని, ముందు అదే చూడండి.

చివరికి నేను అదే మోడల్ స్క్రాపు బండి నుంచి హౌసింగ్, యాక్సిల్ రాడ్లు, డ్రమ్ములతో సహా మొత్తం తెచ్చి వేయించాను. మీరూ అదే చేయండి. ముందుది కూడా 6 బోల్టులకు మారుద్దామంటే హబ్, బేరింగులు, డ్రమ్ము అన్నీ మార్చాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే క్రౌన్ పినియన్ (ఇరుసు లోపలి పళ్ల చక్రాల జత) పళ్లు లెక్కపెట్టించకుండా డబ్బులివ్వకండి. ఒక ఇరుసులో 43కు 8, ఇంకోదాంట్లో 39కి 8 ఉంటే, తారు రోడ్డు మీద ముందు చక్రాలకు కూడా గేరు కలపగానే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. టూ వీల్ డ్రైవ్ అయితే అంత టెన్షన్ లేదు, మహా అయితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది.

8 ఏళ్లు దాటిన గూడ్సు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, అక్కడ ఈ అతుకుల హౌసింగ్‌కు మీరే సమాధానం చెప్పుకోవాలి. కొత్తది వేయించాక 50 కిలోమీటర్లు తిరిగి నట్లన్నీ మళ్లీ బిగించండి. డిస్కుకు కొత్త రంగు వేయిస్తే నట్టు కూర్చునే చోట గీకించండి, రంగు నలిగి నట్టు వదులవుతుంది.

స్క్రాపు షాపుకు బయల్దేరే ముందు ఆ ముందు చక్రం ఒక్కటి కొలిచి, 82 వచ్చిందో 94 వచ్చిందో చెప్పండి. ముందు హబ్బు కూడా జీపుది కాదేమోనని నాకు అనుమానంగా ఉంది.