బొమ్మల ముందు తొందర వద్దు, కచేరీలో పేర్ల వేట వద్దు

చిరంజీవి చిన్నమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఎగ్జిబిషన్‌లో బొమ్మలు అర్థం కాలేదనీ, కచేరీలో రెండో పాటకే ఆవలింతలు వచ్చాయనీ రాశావు. అంతవరకు బాగానే ఉంది. "నాకు కళ అబ్బదేమో" అన్న ఆఖరి మాటే నాకు నచ్చలేదు. ఒకే ఆదివారం మూడు గ్యాలరీలు తిరిగి, సాయంత్రం సంగీత సభలో కూర్చుంటే ఆవలింతలు ఎవరికైనా వస్తాయి. మద్రాసులో సగం జీవితం గడిపి ఇప్పుడు రాజమండ్రిలో ఖాళీగా ఉన్నదాన్ని కాబట్టి, నువ్వు అడగకపోయినా నాలుగు మాటలు చెబుతాను.

పూటకు ఒక్కచోటికే వెళ్ళు. మొదట మద్రాసు ఎగ్మూరు మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకో. అక్కడ అమరావతి శిల్పాల దగ్గర మనవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఇవి మన గుంటూరువి కదా, ఇక్కడెందుకున్నాయి, సగం లండన్ ఎందుకు పోయాయి అని అక్కడే వాదన మొదలుపెట్టి, రాయిని చూడకుండానే బయటికి వస్తారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు, ఇక్కడి నుంచి చాలా ఫలకాలు ఓడెక్కాయి. కోపం న్యాయమైనదే. ఇంటికి వచ్చాక పడదాం.

అక్కడ గుండ్రటి ఫలకం ఒకటి ఉంటుంది, నలగిరి ఏనుగు కథ. దాని ముందు పది నిమిషాలు నిలబడు. ఒకే చట్రంలో అదే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదమెక్కి వీధిలో జనం మీద పడుతోంది, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లింది. ముందు ఏనుగునే చూస్తావు. కాసేపాగితే పై అంతస్తు కిటికీల్లోంచి తొంగి చూస్తున్న మనుషులు కనబడతారు. కింద భయంతో వెనక్కి ఒరిగిపోయినవాళ్ళు ఆ తర్వాత. పలనాటి సున్నపురాయిలో ఇంత గోల ఎలా చెక్కారో! పక్కనున్న కాగితం మీది వివరం చివర్లో చదువు. ముందే చదివితే అందులో ఉన్నదే కనబడుతుంది.

కంచు విగ్రహాల దగ్గర ముఖం చూసి వదిలెయ్యకు. వీలున్నచోట వెనక్కి వెళ్ళి, జడ ముడినీ వెన్ను వంపునూ చూడు. పీఠానికి పక్కన కడియాలో రంధ్రాలో ఉంటాయి. ఊరేగింపులో కర్రలు దూర్చి భుజాల మీద మోసేందుకు పెట్టినవి అవి. చోళుల కాలపు ఉత్సవ విగ్రహాలన్నీ అలా వీధుల్లోకి వచ్చినవే. మైనంతో నమూనా చేసి, చుట్టూ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి, మట్టి పగలగొట్టి విగ్రహం తీస్తారు కాబట్టి, ఒక అచ్చులో ఒక్కటే పుడుతుంది.

కొత్తకాలపు బొమ్మలకు చోళమండలం వెళ్ళు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో, నీ ఆఫీసుకు దగ్గరే. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, తోటి చిత్రకారులు కలిసి స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు. బాతిక్ బట్టలూ చేతిపనులూ అమ్ముకుని ఇళ్ళు నిలబెట్టుకున్నారు. 1960లలో పణిక్కర్ వేసిన బొమ్మల్లో జాతకచక్రాల్లాంటి గళ్ళు, వాటినిండా ఏ భాషకూ చెందని అక్షరాలు. చదవబోయి విసిగిపోకు, అవి చదవడానికి వేసినవి కావు. కన్ను ముందు ఎక్కడికి పోయింది, అక్కడి నుంచి ఎటు జారింది, అంతవరకు గమనించు చాలు. ప్రారంభోత్సవాల రోజు మాత్రం ఏ గ్యాలరీకీ వెళ్ళకు. ఉపన్యాసాలు, టీ కప్పులు, మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడవు.

ఇక కచేరీ. మ్యూజిక్ అకాడమీలో పెద్ద పేరున్నవాళ్ళ సాయంత్రం కచేరీతో మొదలుపెట్టొద్దు. డిసెంబరులో చాలా సభల్లో మధ్యాహ్నం పూట కుర్రవాళ్ళు పాడతారు, ఎక్కువగా టిక్కెట్టు ఉండదు. నచ్చకపోతే పాటకూ పాటకూ మధ్య లేచి రావచ్చు. పాట మధ్యలో లేవకు, అది మర్యాద కాదు.

పక్కవాళ్ళు "ఖరహరప్రియా, కాదు కాదు..." అని గుసగుసలాడుతుంటే నువ్వు కంగారుపడకు. రాగం పేరు తెలిసినంత మాత్రాన పాట విన్నట్టు కాదు. నీకు తాళం చాలు. ఎక్కువ పాటలు ఆది తాళంలో వస్తాయి, ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, చెయ్యి తిప్పడం. తప్పితే పక్కావిడ చేతిని చూసి అందుకో, ఆవిడేమీ అనుకోదు. మద్రాసులో సగం మంది అలాగే నేర్చుకున్నారు.

ఈ చెయ్యి కుదిరితే తనియావర్తనం నీ సొంతం. గాయకుడు ఆపి మృదంగానికీ ఘటానికీ వదిలేసే భాగమది. సరిగ్గా అప్పుడే జనం కాఫీకి క్యాంటీన్ వైపు పరుగెత్తుతారు. నాకు ఒళ్ళు మండే దృశ్యం! క్యాంటీన్ ఎక్కడికీ పోదు. నువ్వు కూర్చుని తాళం వేస్తూ ఉండు. ఇద్దరూ విడివిడిగా వాయించి, చివరికి కలిసి, ముక్తాయింపు అనే ముగింపు వరుసను మూడుసార్లు తిప్పి పాట ఎత్తుగడ దగ్గర దిగుతారు. నీ చెయ్యి అక్కడికే వచ్చిందనుకో, నిద్ర మాట మళ్ళీ ఎత్తవు.

నీకున్న ఇంకో లాభం, అక్కడ వినిపించే పాటల్లో ఎక్కువ భాగం తెలుగే. త్యాగయ్యగారు రాముణ్ణి బతిమాలుతున్నారో నిలదీస్తున్నారో నీకు తెలుస్తుంది. నెరవు చేస్తూ ఒకే పంక్తిని పదిరకాలుగా తిప్పుతుంటే, ఆ అడగడంలో ఒకసారి కోపం, ఒకసారి దిగులు వినబడతాయి. తెలుగు రాని గాయకులు అప్పుడప్పుడు మాట మధ్యలో విరిచి పాడతారు. పళ్ళు కొరుక్కో, కానీ పక్కవాళ్ళకు పాఠం చెప్పకు. ఆ పాడేవాళ్ళు తమకు తెలియని మాటలను ఇన్ని తరాలు కంఠంలో పెట్టుకుని కాపాడినవాళ్ళు.

ఫోను సంచిలో పెట్టు. వీడియో తీసి నాకు పంపొద్దు, నేను చూడను.

డిసెంబరు చివర్లో వస్తున్నాను. ఉదయం అకాడమీలో జరిగే సోదాహరణ ప్రసంగాలకు ఇద్దరం వెళదాం. తర్వాత ఆకులో భోజనం నీ ఖర్చు. సాయంత్రానికి టిక్కెట్లు ఇప్పుడే చూడు, బాల్కనీ మాత్రం వద్దు, నా మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కవు.

పెద్దమ్మ