బాష్పవాయువు నాకు తగిలితే బాబు కళ్లెందుకు ఎర్రబడ్డాయి?

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. మూడు రోజుల క్రితం ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే దారిలో ఆందోళనకారులపై పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. నేనూ అందులో చిక్కుకున్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే బాబు వాటేసుకున్నాడు. కాసేపటికి వాడి కళ్లూ ఎర్రబడి నీళ్లు కారాయి. వాడికి తగ్గింది. నాకు మాత్రం రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వదలడం లేదు. ఇన్‌హేలర్ రోజుకు ఐదారుసార్లు పీల్చాల్సి వస్తోంది. ఆ రోజు వేసుకున్న జాకెట్ దులిపి పడకగది తలుపు వెనక తగిలించాను. దానంతటదే తగ్గుతుందా? మళ్లీ చిక్కుకుంటే ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: తగ్గుతుందేమోనని ఇంకా చూడొద్దు. ఈరోజే డాక్టరును కలవండి. మామూలుగా గాలి ఆడేచోటికి వెళితే 15 నుంచి 30 నిమిషాల్లో మంట, దగ్గు చాలావరకు తగ్గిపోతాయి. మూడు రోజులైనా పిల్లికూతలు ఉన్నాయంటే శ్వాసనాళాల్లో వాపు తగ్గలేదనే అర్థం. మీరు వాడుతున్నది వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలరే అయితే అది నాళాలను కాసేపు తెరుస్తుందంతే, వాపును తీయదు. అందుకు వేరే మందు కావాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇక బాబు సంగతి. పేరుకే అది వాయువు. ఎక్కువగా వాడే సీఎస్ నిజానికి ఘన పదార్థం. 1928లో దీన్ని తయారుచేసిన కోర్సన్, స్టౌటన్ పేర్ల మొదటి అక్షరాలే సీ, ఎస్. గోళం పేలినప్పుడు సన్నటి పొడిలా లేచి జుట్టు మీద, బట్టల మీద వాలుతుంది. తడి ఎక్కడుంటే అక్కడ మండుతుంది. అందుకే కళ్లు, ముక్కు, చెమట పట్టిన మెడ. బాబు ముఖం ఆనించింది ఆ పొడికే!

కాబట్టి ఈసారి ఇంటికి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా బట్టలు విప్పేయండి. తల మీదుగా లాగాల్సినవైతే ముఖానికి రాసుకుంటాయి, కత్తిరించడమే మేలు. నీళ్లు కళ్లలోకి జారకుండా చూసుకుంటూ జుట్టు కడగండి. తర్వాత ఒళ్లంతా సబ్బుతో కడుక్కోండి. కళ్లను నలపకుండా 10-15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. లెన్సులుంటే ముందే తీసేయాలి. పాలు, టూత్‌పేస్ట్ అంటూ చాలామంది చెబుతుంటారు. నీళ్లను మించింది లేదు. నూనె, క్రీములైతే పొడిని చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి.

రోడ్డు మీద ఉన్నప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి అటు నడవండి. ఆ పొగ గాలికన్నా బరువు, పల్లంలోనే పేరుకుంటుంది. సెల్లార్లలోకి దూరొద్దు. పడిన గోళాన్ని ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

పొగకన్నా నాకు ఎక్కువ భయం తొక్కిసలాట. ఊపిరి ఆగేది చాలాసార్లు కింద పడినందుకు కాదు, నిలబడి ఉండగానే ఛాతీ నలిగిపోయి. మోచేతులు మడిచి ఛాతీకి అడ్డం పెట్టుకోండి. జనం తోపుకు ఎదురు నిలవకుండా సందు దొరికినప్పుడల్లా పక్కకు జరుగుతూ పోండి. గోడవారగా మాత్రం వద్దు.

రాత్రిపూట దగ్గు పెరగడం ఆస్తమాకు మామూలే. కానీ ఆ జాకెట్‌నూ అనుమానించాలి. దులిపినప్పుడు పొడి గదిలోనే రాలి ఉంటుంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని, దాన్ని మళ్లీ దులపకుండా కవర్లో మూటకట్టి బయట పెట్టండి. గది తడిగుడ్డతో తుడవండి, చీపురు వద్దు. ఆ పని మీరు కాకుండా ఇంట్లో ఇంకెవరైనా చేస్తే మరీ మంచిది.