పరుగు ప్రశ్నలు: ఉక్కలో పేస్, ఉప్పు నీళ్లు, గిరి ప్రదక్షిణ

వానలు కాస్త తెరిపిచ్చాయి, విశాఖలో ఉక్క మాత్రం తగ్గలేదు. చలికాలం రేసులకు సిద్ధమవుతున్నవాళ్ల ఉత్తరాలే ఈసారి ఎక్కువ. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి మా రన్నింగ్ క్లబ్బు కోచ్‌లు జవాబులిస్తున్నారు.

ప్ర: జనవరిలో బీచ్ రోడ్డు మీద 10 కిలోమీటర్లు 70 నిమిషాల్లో పూర్తిచేశాను. ప్రాక్టీసు మానలేదు. అయినా ఇప్పుడు అదే వేగంతో వెళితే నాలుగు కిలోమీటర్లకే గుండె దడదడలాడుతోంది. డిసెంబర్‌లో హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) రెండున్నర గంటల్లో చేయాలని ఉంది. సాధ్యమేనా?
— సాగర్‌నగర్ పాఠకురాలు

జ: మీ సత్తువ ఎక్కడికీ పోలేదు, గాలిలో తేమ పెరిగింది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. బొటబొటా కారిపోయే చెమటతో ఆ పని జరగదు. సెప్టెంబర్ తెల్లవారుజామున మన తీరంలో గాలి నిండా తేమే. పైగా ఆ వేళ సముద్రపు గాలి వీచదు, ఎండెక్కాక గానీ మొదలవదు. వేడిని బయటికి పంపడానికి గుండె ఎక్కువ రక్తాన్ని చర్మం వైపు తోలాలి, కాళ్లకు కావలసిందీ ఆ రక్తమే. రెండు పనులూ చేయాల్సి వచ్చి, అదే వేగానికి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఐదింటికి బదులు నాలుగింటికే లేచినా ఈ బాధ తప్పదు. ఎండ తప్పుతుందంతే.

ఇప్పుడు చేయాల్సింది వాచీలో పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, చూడటం మానేయడం. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం. రెండు మాటలకోసారి ఊపిరి అందకపోతే ఎక్కువ. మీ 10 కి.మీ. వేగం కిలోమీటరుకు 7 నిమిషాలు కాబట్టి, చల్లని రోజున లాంగ్ రన్ (నిదానంగా చేసే దూరపు పరుగు) కిలోమీటరుకు 8 నుంచి 8:30 నిమిషాల మధ్య ఉండాలి. ఉక్కలో దానికి ఇంకో 20 నుంచి 40 సెకన్లు కలపండి. అప్పటికీ దడ తగ్గకపోతే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. నామోషీ అనుకోనక్కర్లేదు. క్లబ్బులో హాఫ్ పూర్తిచేసినవాళ్లు చాలామంది ఈ పద్ధతిలోనే చేశారు.

రెండున్నర గంటల సంగతి. 10 కి.మీ. సమయాన్ని రెట్టింపు చేసి పది శాతం కలపండి: 140కి 14 కలిపితే 154 నిమిషాలు, అంటే 2 గంటల 34 నిమిషాలు. మీరు కోరేది దానికంటే నాలుగు నిమిషాలు తక్కువ. డిసెంబర్ చలి సాయం చేస్తుంది, మిగతాది ఆదివారం లాంగ్ రన్‌లు చేయాలి. అవి 16 నుంచి 18 కి.మీ. దాకా వెళితే 2:30 అందుతుంది, 12 దగ్గరే ఆగిపోతే అందదు. రేసు రోజున మొదటి 5 కి.మీ. కిలోమీటరుకు 7:15 కంటే వేగంగా వెళ్లకండి. సగటున 7:06 పడాలి కదా అని మొదట్లోనే 6:50తో ఉరికినవాళ్లు 16వ కిలోమీటరు దగ్గర నడుస్తూ కనిపిస్తారు.

ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆగిన తరువాత కూడా గుండె లయ తప్పి కొట్టుకోవడం ఉక్క వల్ల అనుకుని ఊరుకోవద్దు. ముందు ఈసీజీ, తరువాతే పరుగు.

ప్ర: లాంగ్ రన్‌కు ముందు లీటరున్నర, మధ్యలో ఇంకో లీటరున్నర మంచినీళ్లు తాగుతున్నాను. అయినా ఇంటికొచ్చాక తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం. నీళ్లు ఇంకా పెంచాలా?
— గాజువాక పాఠకుడు

జ: పెంచొద్దు. బహుశా ఇప్పటికే ఎక్కువ తాగుతున్నారు. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దాని తొలి గుర్తులు. మాట తడబడితే, మనిషి అయోమయంలో పడితే అది ఆసుపత్రి కేసు, ఇంకో సీసా నీళ్లు పట్టకూడదు.

మీకెంత కావాలో మీ కాటానే చెబుతుంది. పరుగుకు ముందు మూత్ర విసర్జన చేసి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంట పరిగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 1.2 కిలోలు తగ్గి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే మీ చెమట గంటకు లీటరున్నర. అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు మధ్యలో తాగితే చాలు, మిగతాది ఇంటికొచ్చాక నిదానంగా. పరుగు తరువాత బరువు పెరిగిందంటే తప్పకుండా ఎక్కువ తాగినట్టే.

గంటకు మించిన పరుగులో ఓఆర్‌ఎస్ వాడండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నదే కొనండి. అందులో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉంటాయి. మందుల షాపుల్లో లీటరు నీళ్లకు సరిపోయే పెద్ద ప్యాకెట్, 200 మి.లీ.కు సరిపోయే చిన్న ప్యాకెట్, రెండూ దొరుకుతాయి. పెద్దదాన్ని ఒక గ్లాసులో కలిపి తాగేసి కడుపు తిప్పిందనేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పరుగు తరువాత తాగండి, ఓఆర్‌ఎస్ బదులు అనుకోకండి. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు విషయం తమ డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ప్ర: ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు పూర్తిచేశాను. ఇంకో పది కలిపితే ఫుల్ మారథానే కదా అంటున్నారు మిత్రులు. పేరు ఇచ్చేయనా?
— గోపాలపట్నం పాఠకుడు

జ: ఈ ఏడాదికి ఇవ్వకండి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ వెళ్లి, ఊరు చుట్టి మళ్లీ కొండ కిందికి చేరడం చిన్న పనేం కాదు. పాదాలకు ఓర్పు ఉందని, రాత్రంతా కదలగలరని తేలింది. కానీ నడకలో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాల్లోకి లేచి, ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఒక కాలి మీద పడుతుంది. ఎముక, స్నాయువు దానికి అలవాటు పడటానికి నెలలు కావాలి, ఊపిరితిత్తులు అంతకంటే చాలా ముందే సిద్ధమైపోతాయి. దెబ్బలు తగిలేది ఈ తేడా వల్లనే. పైగా ప్రదక్షిణలో దారి పొడవునా మజ్జిగ, పులిహోర, ప్రసాదం ఇచ్చేవాళ్లుంటారు. మారథాన్‌లో 30 కి.మీ. దాటాక కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే ఇంధనం అడుగంటుతుంది, ఆ పరీక్ష మీకింకా జరగలేదు.

ఇప్పుడు 10 కి.మీ.కి పేరివ్వండి. అది హాయిగా అయితే వచ్చే ఏడాది హాఫ్. ఫుల్ ఆ తరువాతి మాట.

ప్ర: ఆర్‌కే బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా పరిగెత్తితే మోకాళ్లకు మంచిదంటారు. నిజమేనా?
— చినవాల్తేరు పాఠకురాలు

జ: మోకాళ్లకు దెబ్బ తగ్గుతుంది, పిక్కలకు, మడమ వెనకాల స్నాయువుకు పని పెరుగుతుంది. పొడి ఇసుకలో మడమ లోపలికి కుంగిపోతుంది. అలల తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకు వెళితే ఒక కాలు పైన, ఒక కాలు కింద పడి తుంటి నొప్పి వస్తుంది. వెళ్లినంత దూరం వెనక్కి రండి. మొదటి నెల వారానికి ఒకసారి, పది నిమిషాలు చాలు. గాజు పెంకులు, గాలం ముళ్లు ఉంటాయి కాబట్టి వెలుతురు వచ్చాకే. అలకు కళ్లెదురుగా ఉండండి, వీపు తిప్పొద్దు.

ప్ర: మా కాలనీ వాళ్లం 60 మందిమి ఆదివారాలు కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, బీచ్ రోడ్డు మీద 5 కి.మీ. వెళ్లి వెనక్కి వస్తున్నాం. మూడు చోట్ల మూడు నీళ్ల క్యాన్లు పెట్టాం, అయినా చివరివాళ్లకు నీళ్లు దొరకలేదు. ఎక్కడ తప్పింది?
— ఎంవీపీ కాలనీ సంఘం

జ: క్యాన్లు సరిపోయాయి, పంచడంలో తప్పింది. 2.5 కి.మీ. దగ్గరి టేబుల్‌ను అందరూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటుతారు. అంటే 120 సార్లు. ఒక్కోసారి 150 మి.లీ. చొప్పున 18 లీటర్లు, నెత్తిన పోసుకునేదీ ఒలికిపోయేదీ మూడో వంతు కలిపితే 24. మలుపు దగ్గర 60 సార్లే కాబట్టి 12 లీటర్లు చాలు. ముగింపు దగ్గర మనిషికి 300 మి.లీ. వేసుకుంటే 18. మొత్తం 54 లీటర్లు, మీ మూడు 20 లీటర్ల క్యాన్లలో ఉన్నాయి. కానీ మధ్య టేబుల్‌కు ఒక్క క్యానే పెట్టారు. అది అయిపోయేది సరిగ్గా నిదానంగా వచ్చేవాళ్ల సమయానికి, అంటే ఎక్కువసేపు ఎండలో ఉన్నవాళ్లకు. మలుపు క్యాన్‌లో నుంచి ముందే 5 లీటర్లు ఒక డబ్బాలోకి తీసి మధ్య టేబుల్ దగ్గర పెట్టండి.

కప్పు అంచుదాకా నింపొద్దు, ముప్పావు వంతు చాలు. స్టీలు గ్లాసులు ఎవరివి వాళ్లు తెచ్చుకుంటే బీచ్ మీద చెత్తా ఉండదు. మధ్య టేబుల్‌కు ఇద్దరు. మలుపు దగ్గర ఒకరు, నోట్‌బుక్కుతో. బయలుదేరినవాళ్లు, మలుపు తిరిగినవాళ్లు, చేరినవాళ్లు, ఈ మూడు అంకెలూ కలవాలి. చిట్టచివర సైకిల్ మీద ఒకరు రావాలి, ఆ మనిషి దాటేదాకా ఏ టేబులూ ఎత్తకూడదు. ఎవరైనా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, మెడకూ చంకలకూ ఐసు పెట్టి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. ఐసు డబ్బా మోయడం బరువని ఇంట్లో వదిలేసి రావద్దు.

పొద్దున్న వాహనాలు ఆపే సమయం అయిపోగానే ఫుట్‌పాత్ ఎక్కాలి. అది లేనిచోట ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన, ఒకరి వెనక ఒకరు.

ప్ర: నేవీ మారథాన్‌లో 10 కి.మీ. పరిగెత్తితే నా వాచీ 10.2 చూపించింది. కొలత తప్పా?
— సీతమ్మధార పాఠకుడు

జ: తప్పు కాకపోవచ్చు. ప్రమాణాల ప్రకారం కొలిచే రోడ్డు రేసుల్లో, ముందుగా సరిచూసిన సైకిల్‌కు చక్రం చుట్లు లెక్కపెట్టే మర బిగించి, మలుపుల లోపలి అంచు వెంట అతి దగ్గరి దారిని కొలుస్తారు. దూరం తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున అదనంగా కలుపుతారు, అంటే 10 కి.మీ.కి 10 మీటర్లు. మీరేమో గుంపును దాటడానికి పక్కకు, నీళ్ల టేబుల్‌కు ఇంకో పక్కకు వెళ్లి ఉంటారు. దానికి తోడు జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ గీస్తుంది. అందుకే రేసు రోజున వాచీ చూపే సగటును నమ్మకండి, కిలోమీటరు బోర్డు దాటినప్పుడు సమయం చూసుకోండి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనకాల సమయం నమోదుచేసే చిప్ ఉంటే దాన్ని మడవొద్దు, పైన జాకెట్ వేసుకోవద్దు. ముగింపు గీత దగ్గర అది నమోదు కాకపోతే ఫలితాల్లో మీ పేరే ఉండదు.

ప్ర: ముంగాలు లోపలివైపు నొప్పి. వేడెక్కాక తగ్గుతోంది. కొనసాగించవచ్చా?
— మధురవాడ పాఠకుడు

జ: వేలితో ఎముక అంచు వెంట నొక్కి చూడండి. జానెడు పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్ (ఎక్కువ పరుగు వల్ల ముంగాలి ఎముక అంచు వెంట వచ్చే నొప్పి) కావచ్చు: వారానికి పరిగెత్తే దూరం సగానికి తగ్గించండి, బూట్లు 500 నుంచి 800 కి.మీ. నడిచి ఉంటే మార్చండి, పిక్కలకు రోజూ మడమలెత్తే వ్యాయామం చేయండి. ఒక్క రూపాయి బిళ్లంత చోట మాత్రమే చురుక్కుమంటూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక చిట్లి ఉండవచ్చు. ఆ రోజే ఆపి, ఎముకల డాక్టరుకు చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అంతమాత్రాన లేదని కాదు.

ప్ర: వచ్చే నెల క్లబ్బు కార్యక్రమాలేమిటి? కొత్తవాళ్లు రావచ్చా?
— పలువురు

జ: రావచ్చు. ఆగకుండా 20 నిమిషాలు మెల్లగా పరిగెత్తగలిగితే చాలు. మొదటి ఆదివారం 12 కి.మీ., రెండోది 14, నాలుగోది 16. కొత్తవాళ్లు రానూపోనూ కలిపి ఇందులో మూడో వంతే చేయాలి. బుధవారాలు కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద ఎత్తు పరుగులు: నిమిషం ఎక్కడం, నడిచి దిగడం, ఆరుసార్లు. దిగేటప్పుడు పరిగెత్తొద్దు, తొడలు పట్టేసేది అక్కడే. తెల్లవారకముందు వచ్చేవాళ్లు మెరిసే పట్టీ ఉన్న బెల్టు వేసుకోవాలి.

మూడో ఆదివారం 5 కి.మీ. టైమ్ ట్రయల్. 400 మీటర్ల ట్రాక్ మీద, మొదటి లేన్‌లో 12న్నర రౌండ్లు. ఆ అర రౌండు ముందే అయిపోవాలి కాబట్టి ముగింపు గీతకు ఎదురు వైపు మొదలుపెడతాం. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు పరిగెత్తుతుంటే ఇంకొకరు రౌండ్లు లెక్కపెట్టాలి. తొమ్మిదో రౌండ్‌కి వచ్చేసరికి పరిగెత్తేవాళ్లకు ఎలాగూ లెక్క గుర్తుండదు.