నీళ్ళలో పడ్డ ఫోన్‌కి బియ్యం డబ్బా వైద్యం వద్దు

చిన్నా,

నిన్న రాత్రి వదిన ఫోన్ చేసింది. నీ ఫోన్ నీళ్ళ బకెట్లో పడిందనీ, తీసి తుడిచి ఆన్ చేసి చూశావనీ, అది ఆగిపోతే మళ్ళీ ఆన్ చేశావనీ, అదీ కుదరక చివరికి ఛార్జర్ కూడా గుచ్చావనీ చెప్పింది. తల పట్టుకున్నాను. నిన్ను తిట్టడానికి కాదులే, ఎవరైనా చేసేది అదే. ఇరవై ఏళ్ళుగా ఫోన్లు విప్పి బిగిస్తూ బతుకుతున్నాను. నీళ్ళలో పడిందని నా బల్ల మీదికి వచ్చినవాటిలో, నీళ్ళు చంపినవాటికంటే బయటికి తీశాక మనుషులు చంపినవే ఎక్కువ. నీ ఫోన్ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఇంకోసారి పడితే ఏం చేయాలో తెలుసుకో, ఎందుకంటే పడుతుంది, నీ చేతులు నాకు తెలుసు.

అసలు లోపల ఏం జరుగుతుందో అర్థమైతే మిగతావన్నీ నీకే తోస్తాయి. స్వచ్ఛమైన నీటిలో కరెంటు దాదాపు పారదు. మనం వాడే నీళ్ళలో మాత్రం లవణాలు కరిగి ఉంటాయి, కరెంటుకి దారిచ్చేవి అవే. ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ నీళ్ళు బోర్డు (చిప్‌లన్నీ అతికించి ఉండే లోపలి పలక) మీదికి చేరితే, పక్కపక్కనే ఉన్న రెండు పాయింట్ల మధ్య వెళ్ళకూడని చోట కరెంటు వెళ్తుంది. దాంతో ఒకవైపు లోహం కరిగిపోతూ ఉంటుంది, అలా కరిగినదాంట్లో కొంత పోయి ఇంకోవైపు పేరుకుంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. ఇది నెలలు పట్టే తుప్పు కాదు, బ్యాటరీ కరెంటు తోడుంటే నిమిషాల్లో మొదలవుతుంది. అందుకే మొదటి పని ఒక్కటే: ఆఫ్ చెయ్యి. తుడవడం, కవర్ తీయడం, బాధపడడం అన్నీ తర్వాత. పడినప్పుడు ఛార్జింగ్‌లో ఉంటే మాత్రం ఫోన్ ముట్టుకోకు, ముందు గోడ దగ్గర స్విచ్ ఆపు.

ఆఫ్ చేయడంలోనూ ఒక చిక్కుంది. తడి స్క్రీన్ నీటి చుక్కని కూడా వేలే అనుకుంటుంది, నువ్వు ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. ఈమధ్య చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే స్విచ్ఛాఫ్ మెనూ బదులు వాయిస్ అసిస్టెంట్ వస్తోంది, పవర్‌తో పాటు వాల్యూమ్ బటన్ కూడా కలిపి నొక్కాల్సి వస్తుంది. అవేవో కొత్త ఫోన్ కొన్న రోజే చూసి పెట్టుకో, తడిసిన చేతుల్తో టెన్షన్‌లో ఉన్నప్పుడు గుర్తురావు. ఒకవేళ నువ్వు తీసేసరికే ఆఫ్ అయిపోయి ఉంటే అది నీ అదృష్టం, అలాగే ఉంచు. పనిచేస్తుందా లేదా అని ఒక్కసారి చూద్దాం అనిపిస్తుంది చూడు, ఆ ఒక్కసారే కొంప ముంచుతుంది.

నేనూ చేశాను ఆ పని. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయన తడిసిన ఫోన్ తెచ్చాడు, పైన తడి కనబడలేదు కదా అని ఛార్జర్ పెట్టాను. చిన్నగా వేడెక్కింది, కాలిన వాసన వచ్చింది, అంతే. ఆయన తెచ్చినప్పుడు అది బాగుపడే ఫోనే. ఆ మాట ఆయనకి చెప్పే ధైర్యం అప్పుడు నాకు లేకపోయింది.

ఆఫ్ చేశాక కవర్ తీసెయ్యి, సిమ్ ట్రే బయటికి లాగు, వెనక మూత ఊడే రకం అయితే బ్యాటరీ కూడా తీసెయ్యి. మెత్తటి పొడిబట్టతో పైపైన తుడిచి, ఛార్జింగ్ పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి నెమ్మదిగా తట్టు. గట్టిగా విదిలించకు, ఒక మూలన ఉన్న నీళ్ళు బోర్డంతా తిరుగుతాయి. నోటితో ఊదకు, గాలి నింపిన స్ప్రే డబ్బాతో కొట్టకు, పోర్ట్‌లోకి దూది పుల్లలు, సూదులు దూర్చకు. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. వేడిగాలి నీటిని ఇంకా లోపలికి నెడుతుంది, అద్దాన్ని పట్టి ఉంచే జిగురుని మెత్తబరుస్తుంది, పైగా పక్కనే ఉన్నది లిథియం బ్యాటరీ. ఎండలో పెట్టడం, పొయ్యి పక్కన పెట్టడం కూడా అదే బాపతు.

ఇక బియ్యం. ఎంతమందికి చెప్పినా ఈ నమ్మకం పోదు. డబ్బా నిండా బియ్యం పోసి అందులో పూడ్చి రెండ్రోజులు దండం పెట్టుకుంటారు. బియ్యం ఫోన్ లోపలున్న నీటిని లాక్కోలేదు, చుట్టూ ఉన్న గాలిలోంచే కాస్త తేమ పీలుస్తుంది, అది కూడా అంతంతమాత్రంగా. బియ్యంలో పెట్టాక బతికిన ఫోన్లు బల్ల మీద ఊరికే పెట్టినా బతికేవే. పైగా ఆ పిండి, నూకలు పోర్ట్‌లోకి, స్పీకర్ జాలీలోకి దూరి తడితో కలిసి ముద్దవుతాయి, వాటిని తీయడం నాకు ఇంకో పని. 2024లో యాపిల్ కంపెనీ కూడా ఐఫోన్‌ని బియ్యం సంచిలో పెట్టొద్దనీ, సన్నటి రేణువులు ఫోన్‌ని పాడుచేయవచ్చనీ తన సపోర్ట్ పేజీలో రాసింది. నీడలో, గాలి ఆడే చోట, ఫ్యాన్ ముందు నిలబెట్టి వదిలెయ్యి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టే అలవాటుంటే, గాలి చొరబడని డబ్బాలో వాటితో పాటు పెట్టు, బియ్యంకంటే అవి చాలా నయం. పోర్ట్ మాత్రమే తడిస్తే ఒక రోజులో ఆరిపోతుంది. మొత్తం మునిగిన ఫోన్‌కి నేనైతే రెండు రోజులకు తక్కువ చెప్పను.

కానీ అసలు చెప్పాల్సింది ఇది: ఆరడం వేరు, శుభ్రపడడం వేరు. నీళ్ళు ఆరిపోయిన గిన్నెలో తెల్లటి మరకలు మిగులుతాయి కదా, బోర్డు మీద కూడా నీళ్ళు పోయి లవణాలు మిగులుతాయి. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా ఆ లవణాలు మళ్ళీ తడిసి తమ పని చేస్తూనే ఉంటాయి. "ఆరాక బాగానే పనిచేసింది బాబాయ్, మూడు నెలలకి హఠాత్తుగా పోయింది" అని వచ్చేవాళ్ళందరి కథా ఇదే. దీనికి మందు బోర్డు విప్పి కడగడమే. తెలిసిన టెక్నీషియన్ ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తాడు, చిప్‌ల మీది లోహపు మూతలు తీస్తాడు (నీళ్ళు చేరి కదలకుండా కూర్చునేది వాటి కిందే), 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడుగుతాడు, అవసరమైతే శబ్ద తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తాడు. ఆ ఆల్కహాల్ కొని నువ్వే పోర్ట్‌లోంచి పోయాలని చూడకు. విప్పని ఫోన్‌లో అది డిస్‌ప్లే వెనకకి వెళ్ళి కూర్చుంటే కొత్త గొడవ.

పడింది మామూలు నీళ్ళలో కాకపోతే రెండ్రోజుల ఓపిక కూడా పనికిరాదు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, దాని ముందు కుళాయి నీళ్ళు పాపం సాధువులు. సబ్బు నీళ్ళు మామూలు నీళ్ళు దూరలేని సందుల్లోకి కూడా జారిపోతాయి. కాఫీ, కూల్‌డ్రింక్ ఆరితే బంకగా పట్టేస్తాయి. ఇలాంటప్పుడు ఆఫ్ చేసి, వాటర్ రేటింగ్ (నీళ్ళని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే గుర్తు) ఉన్న ఫోన్ అయితే పైన మంచినీళ్ళతో మెల్లగా కడిగి తుడిచి, ఆరేదాకా ఆగకుండా అదే రోజు విప్పించాలి. రేటింగ్ లేకపోతే కడగడం కూడా మాని నేరుగా పట్టుకెళ్ళు.

రేటింగ్ అన్నాను కాబట్టి దాని సంగతి. ఐపీ67 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు తట్టుకుందని, ఐపీ68 అంటే అంతకంటే కఠినంగా, కంపెనీ తను చెప్పుకున్న లోతులో, చెప్పుకున్నంతసేపు తట్టుకుందని. ఆ పరీక్ష చేసేది కొత్త ఫోన్‌కి, కదలని మంచినీళ్ళలో. నీ ఫోన్ రెండేళ్ళది, మూడుసార్లు కింద పడింది, ఒకసారి డిస్‌ప్లే మారింది. లోపలి రబ్బరు సీళ్ళు, జిగురు మొదటి రోజులాగే ఉంటాయా? అందులోనూ నీళ్ళలో పాడైతే మామూలు వారంటీ వర్తించదు, రేటింగ్ ఎంతున్నా సరే. చాలా ఫోన్లలో సిమ్ ట్రే సందులో ఒక చిన్న తెల్ల చుక్క ఉంటుంది, నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది. టార్చి వేసి చూస్తే నీకే కనబడుతుంది, సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేదీ అదే, కాబట్టి అబద్ధం చెప్పి లాభం లేదు.

ఫొటోల గురించి ఏడుస్తున్నావట. ఇది జాగ్రత్తగా విను. చచ్చిన ఫోన్‌లోంచి మెమొరీ చిప్ పీకి ఇంకో దాంట్లో పెడితే ఫొటోలు వస్తాయనుకుంటారు. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి అదే బోర్డు మీది ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. అంటే ఆ బోర్డునే కాసేపైనా బతికించాలి. అందుకే ఎవరికి ఇచ్చినా మొదటే చెప్పు: "నాకు ఫోన్‌కంటే ముందు డేటా కావాలి" అని. ఆ మాట చెప్పకపోతే బోర్డే మార్చేసి ఫోన్ బాగైందని చేతిలో పెడతారు, అందులో నీది ఒక్క ఫొటో కూడా ఉండదు.

ఆరి, కడిగి, మళ్ళీ ఆన్ అయితే మొదట చేయాల్సింది బ్యాకప్. స్టేటస్ పెట్టడం కాదు. ఛార్జింగ్ పెట్టినప్పుడు పోర్ట్‌లో తడి ఉందని హెచ్చరిక వస్తే తీసెయ్యి. స్పీకర్ కొన్నాళ్ళు గొంతు రాసుకుపోయినట్టు మోగినా సర్దుకోవచ్చు. కెమెరా అద్దం లోపల ఆవిరి పోకుండా ఉంటే మాత్రం నీళ్ళు ఇంకా ఉన్నట్టే. వెనక మూత ఉబ్బినా, ఊరికే వేడెక్కుతున్నా అది బ్యాటరీ, దాంతో ఆటలొద్దు, వెంటనే ఆపి మార్పించు.

ఇక నీది. రెండుసార్లు ఆన్ చేశావు, ఛార్జర్ పెట్టావు, కాబట్టి ఎంతోకొంత షార్ట్ అయ్యే ఉంటుంది. పడింది మామూలు నీళ్ళలోనే కనుక నాకు ఆశ పోలేదు. ఈ ఉత్తరం చదివాక ఏ బటనూ నొక్కకు. సిమ్ తీసి తుడిచి వదిన పాత ఫోన్‌లో వేసుకో, ఓటీపీలు అయినా వస్తాయి. కొరియర్‌లో పంపకు, తడిసిన బ్యాటరీని పార్సిల్‌లో వేయడం మంచిది కాదు, నువ్వే పట్టుకురా. రేపు పొద్దున్నే వస్తే ముందు నీదే విప్పుతాను. బియ్యం డబ్బాలో ఉంటే మాత్రం తీసి, దులిపి మరీ తీసుకురా.

బాబాయ్