8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ: రెండూ జీబీలే అయితే తేడా ఏమిటి?

నల్లగొండలో ల్యాప్‌టాప్ కొనబోతూ, ఈ రెండు అంకెల్లో దేన్ని చూడాలని మీరు అడిగారు. రెండింటినీ చూడాలి, ఎందుకంటే వాటి పనులు వేరు.

మిర్యాలగూడ రైస్ మిల్లును తలచుకోండి. బస్తాలు గోదాములో నెలల తరబడి నిల్వ ఉంటాయి, మర పట్టవలసిన ధాన్యాన్ని మాత్రమే మర దగ్గరికి తెస్తారు. ఫైళ్లు నిల్వ ఉండే ఎస్‌ఎస్‌డీ ఆ గోదాము వంటిది. ర్యామ్ మర దగ్గరి చోటు వంటిది. మీరు ఫైలు తెరిచినప్పుడు అది ఎస్‌ఎస్‌డీ నుంచి ర్యామ్‌లోకి వస్తుంది, మర వంటి ప్రాసెసర్ (కంప్యూటర్‌లో పని చేసే చిప్) దాన్ని అక్కడి నుంచే అందుకుంటుంది. అయితే కరెంటు పోగానే ర్యామ్ ఖాళీ అవుతుంది. యూపీఎస్ లేని డీటీపీ సెంటరులో సగం టైపు చేసిన దరఖాస్తు, సేవ్ చేయకముందే కరెంటు పోతే మాయమయ్యేది అందుకే.

జీబీ కేవలం కొలత. బిట్ అంటే ఒక 0 లేదా 1, అలాంటి 8 బిట్లు ఒక బైటు. జీబీ అంటే సుమారు 100 కోట్ల బైట్లు. అన్ని భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 'నల్లగొండ' అని రాస్తే న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు పడుతుంది.

చదువుకు, టైపింగ్‌కు 8 జీబీ ర్యామ్ చాలు. కాకపోతే పలుచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను తర్వాత పెంచుకోలేము కాబట్టి, ఆ సంగతి దుకాణంలో ముందే అడగండి.